మా ఇంటి డబ్బాలో సుబ్బారావు గారు

రెండేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున కాఫీ పొడి కోసం వంటింటి అలమర తెరిస్తే, కందిపప్పు డబ్బా వెనకాల నల్లటి పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించింది. పైన కండలు తిరిగిన ఒక మనిషి బొమ్మ, కింద క్రియాటిన్ అని పెద్ద అక్షరాలు. మా అబ్బాయి పదకొండో తరగతి. హైస్కూలు ట్రాక్ టీములో వంద మీటర్లు పరుగెడతాడు. జట్టులో నలుగురు వాడుతున్నారని తనూ కొనుక్కొచ్చి, మాకు కనపడకుండా పప్పు వెనకాల దాచాడు. ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవ నేను రాయను. పిల్లలున్న వాళ్ళందరికీ తెలిసిందే.

నాకు కోపం వచ్చినా, ఇంజనీరు బుద్ధి కదా, అసలు అందులో ఏముందో చూద్దామని రాత్రి కూర్చున్నాను. క్రియాటిన్ కండరంలోకి వెళ్ళి ఫాస్ఫోక్రియాటిన్ అవుతుందట. దాన్ని ఎవరు కనుక్కున్నారా అని వెతికితే రెండు పేర్లు కనిపించాయి: ఫిస్కే, సుబ్బారావు. సంవత్సరం 1927, ఊరు బోస్టన్. ఆ సుబ్బారావు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఆయన పేరు క్విజ్ పోటీల్లో విన్నాను. టెట్రాసైక్లిన్ అని జవాబు రాసి మార్కు తెచ్చుకున్నాను. అంతకు మించి నాకేమీ తెలియదు. ఆయన కనుక్కున్న పదార్థం పేరున్న డబ్బా మా ఇంట్లో కందిపప్పు వెనకాల ఉందని తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే నెలలో నా రక్త పరీక్షలు వచ్చాయి. నాకు 46 ఏళ్ళు. మా చిన్నాన్న 51 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. ఆ భయంతో అంతకు ముందు మూడేళ్ళ నుంచి బరువు తగ్గాలని పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా మానేశాను. మాది పుట్టుకతో శాకాహార కుటుంబం. పెరుగన్నం లేకుండా విస్తరి ముందు నుంచి లేవడం మా వంశంలో నాతోనే మొదలు. రోజూ ఒక మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి అన్నీ సరిపోతాయనుకున్నాను. హీమోగ్లోబిన్ బాగానే ఉంది. కానీ మెట్లెక్కితే నీరసం, రాత్రిళ్ళు అరికాళ్ళలో తిమ్మిర్లు. డెస్కు ముందు కూర్చునే ఉద్యోగం వల్లేమోనని కొట్టిపారేశాను. పరీక్షలో ఏ1సీ 6.1 అని వచ్చింది, అంటే చక్కెర జబ్బు గుమ్మం ముందు నిలబడి ఉన్నట్టు. బీ12 అయితే అడుగంటింది. ఈ బీ12 కథలోనూ సుబ్బారావు గారే ఎదురవుతారని అప్పుడు నాకు తెలియదు. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగితే, ఆయన గురించే రాస్తానన్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఏడుగురు, రాబడి తక్కువ. చిన్నప్పుడు ఈయనకు చదువు మీద పెద్దగా ధ్యాస ఉన్నట్టు లేదు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. ఆ చదువుకు తల్లి ఒంటి మీది నగలు అమ్మింది. మన పిల్లవాడికి ఒక్క ఏపీ కోర్సులో బీ వస్తే మనం ఎంత హైరానా పడతామో గుర్తు తెచ్చుకోండి.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో పెళ్ళి, భార్య పేరు శేషగిరి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు వైద్యం చదువుకు డబ్బు సాయం చేశారు. గాంధీ గారు విదేశీ వస్త్రాలు మానమన్న రోజులవి. ఈయన ఆపరేషను గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలన్నీ బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఒక మెట్టు కింద ఉండే ఎల్.ఎం.ఎస్. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు.

ఈ గడ్డు రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అని ఒక జబ్బు, మన వాళ్ళు గ్రహణి కింద జమకట్టేది. పేగు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎంత తిన్నా విరేచనాల్లో పోతుంది. నాలుక పూసిపోతుంది, రక్తం విరిగిపోతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో ఆ జబ్బుతోనే పోయారు. వైద్యం చదువుతున్న సోదరుడు ఇంట్లో ఉండీ ఏమీ చేయలేకపోయాడు. అప్పటికి ఆ చదువులో దానికి మందు లేదు. తర్వాత ఆయనకూ స్ప్రూ వచ్చింది. బతికించింది ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన రుక్మిణీ లక్ష్మీపతి గారి భర్త ఈయనే. కోలుకున్నాక సుబ్బారావు గారు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర శాస్త్రం పాఠాలు చెప్పారు. ఆయుర్వేద మందుల్లో గుణమిచ్చేది ఏమిటో విడదీసి తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

దాని కోసం అమెరికా రావాలి. చేతిలో పైసా లేదు. మామగారు కొంత ఇచ్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి నుంచి కొంత వచ్చింది. ఆ ధర్మనిధి పేరున్న ఎం.ఎస్.ఎన్. కాలేజీ ముందు నుంచి నేను నాలుగేళ్ళు సైకిలు తొక్కాను. ఆ డబ్బుతో ఒకాయన బోస్టన్ వెళ్ళాడని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

1920ల తొలి రోజుల్లో ఓడ దిగి హార్వర్డులోని ఉష్ణమండల వైద్య కళాశాలలో చేరారు. 1924లో డిప్లొమా వచ్చింది. మనం ఎఫ్1 వీసా మీద వచ్చి రెస్టారెంట్లో గిన్నెలు కడిగిన కథలు చెప్పుకుంటాం. ఆయన హార్వర్డు ఆసుపత్రుల్లో ఒకదానిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని చేశారు. పగలు ప్రయోగశాల. భార్య ఇండియాలోనే ఉండిపోయారు. ఈయన బయలుదేరాక ఒక కొడుకు పుట్టి, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. భార్యాభర్తలు కూడా మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన తిరిగి వెళ్ళలేదు. ఈ దేశంలో మనలో ఎంతమందిమి ఇంకో రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళు అనుకుంటూ జుట్టు నెరిసిపోయాం! కానీ మనకు విమానాలున్నాయి, వాట్సాప్ ఉంది. ఆయనకు వారాల తరబడి నడిచే ఉత్తరం ఒక్కటే ఉంది.

బోస్టన్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి ప్రయోగశాలలో ఆయన మొదటి పెద్ద పని చేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం. మాలిబ్డేట్ కలిపి రసాయన చర్య జరిపిస్తే ద్రవం నీలం రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతా పాకింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు దశాబ్దాల తరబడి దాన్ని లాబులో చేశారు. మా ఆవిడ బీఎస్సీలో తనూ చేసిందట. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు, నేను ఈ వ్యాసం రాస్తుంటే గానీ ఆ ముక్క బయటపడలేదు.

తర్వాత జరిగింది మా వృత్తి వాళ్ళకు మరీ నచ్చే కథ. కండరంలో భాస్వరం కొలుస్తుంటే నీలం రంగు రావలసినంత వేగంగా రావడం లేదు. మెల్లమెల్లగా ముదురుతోంది. ఇంకొకరైతే పరికరం సరిగా లేదని సర్దుకుపోయేవారు. వీళ్ళు సర్దుకుపోలేదు. కండరంలో విడిగా ఉందని అందరూ అనుకుంటున్న భాస్వరంలో చాలా భాగం నిజానికి విడిగా లేదు. క్రియాటిన్‌తో జతకట్టి ఉంది. పరీక్షలో వాడే ఆమ్లం తగిలి ఆ జత విడిపోయేది. అంటే కొలిచే పద్ధతే కొలిచే వస్తువును పాడు చేస్తోంది. మేము డీబగ్గర్ పెట్టగానే మాయమయ్యే బగ్గు లాంటిదే ఇది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి ప్రకటించారు. కండరం పని చేసినప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్ళీ నిండుతుంది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ రోజుల్లోనే దాని జాడ పట్టారు. రెండేళ్ళకు, 1929లో, ఫిస్కే సుబ్బారావులు ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుక్కున్నారు.

అప్పటికి కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని చెప్పే సిద్ధాంతం రాజ్యమేలుతోంది. ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్‌తో ఆ సిద్ధాంతం కదిలిపోయింది.

మా అబ్బాయికి ఇది కంప్యూటరు భాషలో చెప్పాను. ఒంట్లో ఏ పని జరగాలన్నా ఖర్చయ్యేది ఏటీపీ. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ ఒకటి రెండు సెకన్లకు మించి రాదు. అప్పుడు పక్కనే ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని ఇచ్చి ఏటీపీని మళ్ళీ నింపుతుంది. అది క్యాష్ మెమరీ లాంటిది, చిన్నది కానీ మహా వేగం. గట్టిగా పరుగెడితే సుమారు పది సెకన్లు ఆదుకుంటుంది. ఆ తర్వాత పిండి పదార్థాల నిల్వలు, కొవ్వు, ఊపిరి అందుకోవాలి. అంటే వాడు పరుగెత్తే వంద మీటర్లలో చాలా భాగం ఈ చిన్న క్యాష్ మీదే నడుస్తుంది. క్రియాటిన్‌ను మన కాలేయం, మూత్రపిండాలు తయారు చేస్తూనే ఉంటాయి. మాంసం, చేపలు తినేవాళ్ళకు ఆహారంలోనూ వస్తుంది. శాకాహారుల కండరాల్లో అది కొంచెం తక్కువే. కాబట్టి డబ్బాలో ఉన్నది విషమేమీ కాదు, పెద్దవాళ్ళ మీద బాగా పరీక్షించిన పదార్థమే. కానీ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు వద్దనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. నిద్ర లేకుండా, పొద్దున ఏమీ తినకుండా, మధ్యాహ్నం చిప్స్‌తో సరిపెట్టి, సాయంత్రం ఒక చెంచా పొడి కలుపుకుని తాగితే ఏం లాభమని అడిగాను. వాడు జవాబు చెప్పలేదు. కానీ సుబ్బారావు గారి ఫోటో చూపించమన్నాడు.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1930లో పీహెచ్‌డీ ఇచ్చింది, అంతే. పేరు కోసం పోట్లాడే మనిషి కాదు. అలా ఉంటే అమెరికాలో ఏమవుతుందో మనకు తెలియంది కాదు, ఏటేటా అప్రైజళ్ళలో చూస్తూనే ఉన్నాం.

అక్కడే ఆయన కాలేయం మీద పడ్డారు. 1926లో బోస్టన్‌లోనే మైనట్, మర్ఫీ అనే వైద్యులు పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు తిండే మందని తేల్చారు. రోగి రోజూ అరపౌను దాకా కాలేయం తినాలి. తిన్నవాళ్ళు బతికారు. ఆ కాలేయంలో గుణమిచ్చేది ఏది? సుబ్బారావు గారు ఏళ్ళ తరబడి కాలేయపు సారాన్ని వడగట్టి, విడగొట్టి చూస్తూనే ఉన్నారు. ఆ దారిలో నికొటినిక్ ఆమ్లం, పాంటోథెనిక్ ఆమ్లం లాంటి బీ విటమిన్ల మీదా పని చేశారు. ఆయనకు ఇది ఉత్త ఆసక్తి కాదు. స్ప్రూ రోగులలో వచ్చే రక్తహీనత కూడా ఇలాంటిదే.

ఇక్కడ మన దేశం నుంచి ఇంకో పాయ కలుస్తుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారంతో చేసే మార్మైట్ అనే నల్లటి లేహ్యం పెడితే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో ఎవరికీ తెలియలేదు. 1941లో టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను పిండి, అలాంటి పదార్థాన్నే కొద్దిగా రాబట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. మన మాటల్లో ఆకుకూర ఆమ్లం అనుకోవచ్చు.

1940లో సుబ్బారావు గారు హార్వర్డు వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళోని లెడర్లీ ప్రయోగశాలలకు వచ్చారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగమంతా ఆయన చేతి కిందికి వచ్చింది. నాలుగు టన్నుల ఆకులకు చిటికెడు వస్తే రోగులకు సరిపోయేదెప్పుడు? కృత్రిమంగా తయారు చేయాల్సిందే. ఆయన దగ్గరున్న శాస్త్రజ్ఞుల బృందం 1943లో దాన్ని స్ఫటికాలుగా వేరుచేసింది, 1945లో ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించింది. వెంటనే టామ్ స్పీస్ అనే వైద్యుడు దాన్ని రక్తహీనత రోగులకు, క్యూబా, పోర్టొరికోలలో స్ప్రూ రోగులకు ఇచ్చారు. మంచం పట్టినవాళ్ళకు ఆకలి పుట్టింది, నాలుక మానింది, రక్తం పట్టింది.

అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్ళు.

ఈ కథలో నన్ను కదిలించిన చోటు ఇదే. ఈ రోజున ఉష్ణమండల స్ప్రూ వచ్చిన రోగికి వైద్యులు రాసేది ప్రధానంగా రెండు మందులు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుక్కున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్ష శాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయం నుంచి వయసు మీరిందని విశ్రాంతి తీసుకున్న ఆయనను లెడర్లీలోకి చేర్చుకుని పని చేయించింది సుబ్బారావు గారు. ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు వాడే రెండు మందులూ ఆయన నడిపిన ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి. ఆయన దీన్ని ఎవరితోనైనా చెప్పుకున్నారో లేదో గానీ, నేను మాత్రం ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మిగతావి త్వరగా చెబుతాను, ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసం అవుతుంది కనుక. దక్షిణ పసిఫిక్‌లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకితే, ఆయన బృందం 1947లో హెట్రజాన్ తెచ్చింది. మా గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. ఫోలిక్ ఆమ్లాన్ని అనుకరిస్తూ దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ తయారు చేసి బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు పంపారు. ల్యూకేమియాతో చావు అంచున ఉన్న 16 మంది పిల్లల్లో 10 మంది కొంతకాలమైనా కోలుకున్నారు. 1948లో ఆ ఫలితం అచ్చయింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, ఈనాటికీ కాన్సరుకూ కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఇక బీ12. ఫోలిక్ ఆమ్లం పెర్నీషియస్ అనీమియా రోగులకు కూడా ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది. కానీ నరాల దెబ్బ ఆగలేదు. తిమ్మిర్లు, తూలడం ముదిరాయి. అంటే కాలేయంలో ఇంకోటి ఉంది. దాని కోసం లెడర్లీ కూడా గట్టిగానే వెతికింది. కానీ 1948లో మెర్క్ వాళ్ళు ముందుగా పట్టుకున్నారు. అదే బీ12. ఇది చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది. నేను రోజూ వేసుకున్న మల్టీవిటమిన్‌లో ఫోలిక్ ఆమ్లం నిండుగా ఉంది, అందులోని బీ12 నాకు చాలలేదు. పెరుగు మానేశాను. రక్తం లెక్క చక్కగా కనపడుతూనే ఉంది, అరికాళ్ళు మాత్రం తిమ్మిరెక్కుతున్నాయి. 1940లలో పెర్ల్ రివర్‌ను వేధించిన చిక్కే నా కాళ్ళలో జరుగుతోంది. శాకాహారులు, ముఖ్యంగా పాలు మానేసినవాళ్ళు, ఏడాదికోసారి బీ12 చూపించుకోండి. మొక్కల్లో అది నమ్మదగినంత దొరకదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు కూడా అది తగ్గవచ్చు.

ఫోలిక్ ఆమ్లం విషయంలో మనవాళ్ళు గమనించని ముక్క ఇంకోటుంది. గర్భిణులకు అది చాలకపోతే బిడ్డ వెన్నుపాము సరిగా మూసుకోదని, ముందుగా ఇస్తే చాలావరకు తప్పించవచ్చని 1991లో రుజువైంది. 1998 నుంచి అమెరికాలో ఎన్‌రిచ్డ్ అని అమ్మే బ్రెడ్డు, పిండి, పాస్టా, బియ్యంలో దాన్ని కలపడం తప్పనిసరి చేశారు. కానీ మనం కొనేది సోనామసూరి ఇరవై పౌన్ల సంచి, గోధుమ ఆటా. వాటిలో సాధారణంగా అది కలపరు. ఒకవేళ కలిపిన బియ్యం తెచ్చుకున్నా మూడుసార్లు కడిగి సింకులో పోస్తాం. కాబట్టి పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లలు గర్భం రాకముందు నుంచే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి. మిగతావాళ్ళకు మన వంటల్లోనే ఉంది. సెనగలు, పెసలు, అలసందలు, కందిపప్పు, పాలకూర, తోటకూర. ఫోలేట్ నీళ్ళలో కరుగుతుంది, ఎక్కువ ఉడికితే పోతుంది. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోసే అలవాటు మా ఇంట్లో మానిపించాను. దాంతో చారు పెడుతున్నాం, బాగుంటుంది.

నేను మార్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. పెరుగు తిరిగి వచ్చింది. బీ12 కొన్నాళ్ళు ఇంజెక్షన్లు, తర్వాత మాత్ర. అన్నం సగమైంది, పప్పు రెట్టింపైంది. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడుకు జరిగింది. ఇది మాత్రం నిజంగా కష్టం, ఇండియా టీము కాల్స్ ఆ వేళకే. భోంచేసి అరగంట నడక. పది నెలలకు ఏ1సీ 5.7. తిమ్మిర్లు చాలావరకు పోయాయి. ఇంత చెబుతున్నా, ఈ కన్వెన్షన్ బాంక్వెట్‌లో బొబ్బట్ల వరుసలో నేను కనపడితే దయచేసి ఈ వ్యాసం గుర్తు చేయకండి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయస్సు 53. భారతీయులకు అమెరికా పౌరసత్వానికి దారి తెరిచిన చట్టం 1946లో వచ్చినా, ఆయన పౌరుడు కాకుండానే వెళ్ళిపోయారు. స్వతంత్ర భారతాన్నీ కళ్ళారా చూడలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. మా చిన్నాన్న కంటే రెండేళ్ళు ఎక్కువ బతికారు, అంతే. దక్షిణాసియా వాళ్ళకు గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలియదు.

మేముండేది న్యూజెర్సీ ఉత్తర భాగంలో. పెర్ల్ రివర్ మా ఇంటికి నలభై నిమిషాలు. పోయిన వసంతంలో ట్రాక్ పోటీలు అయిపోయాక ఒక ఆదివారం అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. లెడర్లీ చేతులు మారి మారి 2009లో ఫైజర్ చేతికి వచ్చింది. కోవిడ్ టీకా పరిశోధన కొంత ఇక్కడే జరిగింది. లోపలికి వెళ్ళనిచ్చేది లేదు. రోడ్డు మీద కారు ఆపి, కంచె అవతల పాత ఇటుక భవనాలు చూశాం. ఏ భవనంలో ఆయన పని చేశారో నాకు తెలియలేదు. వాడు ఫోనులో 1927 నాటి ఆ వ్యాసం మొదటి పేజీ తెరిచి, రచయితల పేర్లు పెద్దవి చేసి నాకు చూపించాడు. తర్వాత ఆకలి అన్నాడు. కారులోనే కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన తోటకూర పప్పు, పెరుగన్నం తిన్నాం. రెండో డబ్బా కూడా వాడే ఖాళీ చేశాడు.